ఎర్ర సుద్ద, నీలి కాగితం, ఎన్నో చేతులు

ప్రశ్న: రూబెన్స్ తన భార్య ఇసబెల్లా బ్రాంట్‌ను గీసిన చిత్రాన్ని ఒక చిత్రకళా సంపుటంలో చూశాను. దాని కింద ‘నలుపు, ఎరుపు, తెలుపు చాక్’ అని ఉంది. అది బడిలో వాడే చాక్‌పీసేనా? ఇలాంటి చిత్రాల వెనుక ఎంత శ్రమ ఉండేది?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చాక్‌పీసు కంటే, మన పెద్దవాళ్లు పలక మీద రాసిన బలపమే దానికి దగ్గర చుట్టం. చాక్‌పీసును పొడి తడిపి అచ్చులో పోసి చేస్తారు. రూబెన్స్ లాంటి బరోక్ కాలపు (పదిహేడో శతాబ్దం ప్రాంతపు) ఐరోపా చిత్రకారులు మాత్రం ఎక్కువగా భూమిలోంచి తవ్విన మెత్తని రాయినే పుల్లలుగా కోయించుకుని వాడారు. ఎర్రది ఇనుప ఆక్సైడు కలిసిన బంకమన్ను. మన జేగురుకు ఎరుపునిచ్చేదీ ఆ ఆక్సైడే. నల్లది కర్బనం నిండిన మెత్తని పలకరాయి. ఆ పుల్లను రెండు కొసలా చీలికలున్న ఇత్తడి పిడిలో బిగించి, కత్తితో చెక్కి మొన తీసేవారు. రాయి ప్రకృతి ఇచ్చినది కనుక ఒక్కోసారి మధ్యలో గట్టి పలుకు తగిలి, రంగు పడవలసిన చోట కాగితం మీద గీత గీరుకుపోయేది. నల్ల సుద్దను వేలితో నలిపి నీడలు తేవచ్చు. ఎర్ర సుద్ద కాగితాన్ని పట్టుకుంటే సులభంగా వదలదు, చెరపడానికి రొట్టె మెత్తన వాడినా పూర్తిగా పోదు. అందుకే ఎర్ర సుద్దతో తడబాటు లేకుండా గీసిన చేతిని చూస్తే నాకు ప్రత్యేకమైన గౌరవం కలుగుతుంది.

నా ఉద్దేశంలో అసలు శ్రమ కాగితంలో ఉంది. దానికి ముడిసరుకు పాత నార బట్టల పీలికలు. వాటిని ఏరి, రంగును బట్టి వేరు చేసి, తడిపి మురగబెట్టి, నీటిచక్రంతో ఆడే రోకళ్లతో గుజ్జు చేసేవారు. ఒకరు జల్లెడలాంటి అచ్చును తొట్టిలో ముంచి పైకి తీస్తే, ఇంకొకరు ఆ తడి పొరను ఉన్ని గుడ్డ మీదికి దింపేవారు, ఆపైన పిండి, ఆరవేసి, తోళ్లు కాచిన జిగురులో ముంచేవారు. నీలి పీలికలతో చేసిన కాగితం నీలంగానే వచ్చేది. ఆ నీలం చిత్రకారుడికి నడిమి ఛాయ అయ్యేది కనుక నల్ల సుద్దతో నీడలు, తెల్ల సుద్దతో వెలుగులు వేస్తే చాలు, మిగతా పని కాగితమే చేసేది.

ఇలాంటి కాగితం మీదే ఇటలీ చిత్రకారుడు అన్నిబాలే కరాచ్చి, రోమ్‌లోని ఫర్నేసే భవనపు పైకప్పు చిత్రాల కోసం 1590ల చివర్లో ఎన్నో అధ్యయనాలు గీశాడు. ఒక్కొక్క భుజాన్ని, ఒక్కొక్క పాదాన్ని మనిషిని ఎదురుగా నిలబెట్టి గీసుకున్న తరువాతే, పెద్ద కాగితాలను అతికించి నిలువెత్తు నమూనాలు తయారుచేసేవారు. వాటి గీతల వెంట సూదితో పొడిచి, బొగ్గుపొడి మూటతో అద్దడమో, మొనదేలిన పరికరంతో గీత మీద నొక్కడమో చేసి, బొమ్మను తడి గచ్చు మీదికి దించేవారు. అన్నిబాలేకు అన్న అయిన అగొస్తినో గీసిన అలాంటి రెండు నమూనాలు ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి.

మీరు చూసిన ఇసబెల్లా చిత్రం సుమారు 1621 నాటిది. బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. చెంపలకూ పెదవులకూ ఎరుపు, జుట్టుకు నలుపు, వెలుగుపడే చోట తెలుపు వాడిన రూబెన్స్, లేత గోధుమరంగు కాగితాన్ని చాలాచోట్ల అలాగే వదిలేశాడు. ఎప్పుడైనా మ్యూజియంలో నీలి కాగితం మీది చిత్రం ఎదురైతే, దాని అంచులను గమనించండి. మధ్యభాగం వెలుతురుకు వెలిసి బూడిదరంగుకో మట్టిరంగుకో మారినా, చట్రం కింద దాగిన అంచులో ఆ పాత నీలం కొన్నిసార్లు మిగిలే ఉంటుంది.