నోటితో చెప్పగలడు, కాగితం మీద పెట్టలేడు: పదో తరగతి అబ్బాయి విషయంలో ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నంలో సీబీఎస్‌ఈ పాఠశాలలో చదువుతూ ఈ ఏడాది పదో తరగతిలోకి వచ్చాడు. లెక్కలు నోటితోనే చేసేస్తాడు. ఇంట్లో ఫ్యాను, మిక్సీ పాడైతే విప్పి బాగుచేస్తాడు. కానీ పరీక్షల్లో పేపరు సగం కూడా పూర్తి చేయడు, రాసిన దాంట్లోనూ అన్నీ అక్షరదోషాలే, మార్కులు నలభై దాటవు. బద్ధకమని ఉపాధ్యాయులు అంటున్నారు. రెండు ట్యూషన్లు పెట్టించాం, స్క్రూడ్రైవర్లు దాచేశాం. వీడు ఇంటర్‌లో ఎంపీసీ చదవగలడా?

జవాబు: మీరు చివర్లో ఎంపీసీ గురించి అడిగారు గానీ, అసలు సంగతి అంతకు ముందే చెప్పేశారు. నోటితో చెప్పగలిగిన పిల్లవాడు రాయమంటే ఆగిపోతున్నాడు. పాఠం రాక మార్కులు పోగొట్టుకునేవాడికీ, వచ్చిన పాఠాన్ని మూడు గంటల్లో కాగితం మీద పెట్టలేక పోగొట్టుకునేవాడికీ ఒకే మందు పనిచేయదు. ట్యూషన్ మొదటివాడికి పనికొస్తుంది; రెండోవాడికి తెలిసిన పాఠాన్నే మూడోసారి వినిపించి విసుగు తెప్పిస్తుంది.

మీ అబ్బాయి ఈ ఇద్దరిలో ఎవరో ముందు తేల్చుకోండి. పాత సైన్సు ప్రశ్నపత్రం నుంచి ఐదు ప్రశ్నలు మీరే చదివి వినిపించి, అతడు చెప్పే జవాబులను ఫోనులో రికార్డు చేయండి. కొన్నాళ్ల తర్వాత అలాంటివే మరో ఐదు ప్రశ్నలను అతడినే చదువుకుని రాయమని, రెండింటికీ సైన్సు ఉపాధ్యాయుడి చేత మార్కులు వేయించండి. నోటి జవాబులకు బాగా ఎక్కువ మార్కులు వస్తే, చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్‌లెక్సియా గానీ, రాయడంలో ఇబ్బంది కలిగించే డిస్‌గ్రాఫియా గానీ ఉందేమోనని పరీక్ష చేయించాలి. మీ ఇంటి పరిశీలన నిర్ధారణ కాదు, నిపుణుల దగ్గరికి వెళ్లడానికి ఒక ఆధారం మాత్రమే. అలాగే కంటిచూపు, నిద్ర, ఏకాగ్రత లోపం, లోలోపలి దిగులు కూడా ఇలాంటి ఫలితాన్నే ఇస్తాయి కనుక వాటినీ చూపించుకోండి.

నిర్ధారణ అయితే మీకు చట్టం అండ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఈ అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. ప్రైవేటు క్లినిక్ నివేదిక మీకు విషయం అర్థం కావడానికి ఉపయోగపడుతుంది గానీ, బోర్డు ముందు అది గుర్తించే ధ్రువపత్రం కావాలి; ప్రభుత్వ ఆసుపత్రి ఇచ్చేది తీసుకోవడం మేలు. మన రాష్ట్రంలో దానికి సదరం ద్వారా, అంటే వైకల్య ధ్రువపత్రాలు ఇచ్చే ప్రభుత్వ వ్యవస్థ ద్వారా వెళ్లాలి. ఆ పత్రం ఉంటే సీబీఎస్‌ఈ గంటకు 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పేపరుకు ఒక గంట అదనంగా ఇస్తుంది. అవసరమైతే రాసిపెట్టే సహాయకుడిని అనుమతిస్తుంది. రెండు భాషల బదులు ఒకే భాష తీసుకునే వెసులుబాటు కూడా ఉంది. పరీక్ష రాసేవారి జాబితాను పాఠశాల బోర్డుకు ఏడాది మధ్యలోనే పంపుతుంది కనుక, జనవరిలో పరుగులు పెడితే లాభం ఉండదు; ఈ నెలలోనే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా చెప్పండి. పిల్లవాడికి ముద్ర పడుతుందని వెనకాడే తల్లిదండ్రులను నేను తరచూ చూస్తుంటాను. కళ్లద్దాలు పెట్టుకుని పరీక్ష రాసినవాడు అన్యాయంగా లాభపడ్డాడని ఎవరూ అనరు కదా!

సహాయకుడి విషయంలో తొందరపడవద్దని నా అభిప్రాయం. మరొకరికి చెప్పి రాయించడం కూడా నేర్చుకోవలసిన పనే. ఇంట్లో కనీసం నాలుగైదు పేపర్లు అలా సాధన చేయకుండా పరీక్ష గదిలో మొదటిసారి ప్రయత్నిస్తే ఉన్న సమయమూ పోతుంది. చాలామందికి అదనపు గంట ఒక్కటే సరిపోతుంది.

లెక్కల సంగతి వేరు. మనసులోనే చేసేసి జవాబు మాత్రం రాసే పిల్లలు, మెట్టుమెట్టుకూ మార్కులుండే పేపరులో చేతులారా నష్టపోతారు. మెట్లు రాయకపోతే మార్కులు పోతాయని వందసార్లు చెప్పడం కన్నా, లెక్కను ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా రాసి చూపించమని అడగండి. తెలివైన పిల్లలకు కారణం కనబడితేనే చేయి కదులుతుంది. మార్కులు తక్కువని అతడిని తేలిక స్థాయి పేపరైన బేసిక్ గణితంలోకి మార్చమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. ముందు ముందు గణితం చదవదలచినవాడికి పై స్థాయి పేపరైన స్టాండర్డే తగినది. 2026 నుంచి సీబీఎస్‌ఈ పదో తరగతికి రెండు విడతల పరీక్షలు పెట్టింది: ఫిబ్రవరిలో అందరూ రాయాలి, మే నెలలో కోరుకున్నవారు మూడు సబ్జెక్టుల వరకు మార్కులు మెరుగుపరచుకోవచ్చు. ఈ సంగతి అతడికి ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

స్క్రూడ్రైవర్లు ఈ రోజే తిరిగి ఇచ్చేయండి. రోజంతా తనకు రానిదాన్నే చేస్తూ గడిపే పిల్లవాడికి, తాను సమర్థుడినని గుర్తుచేసే పని అదొక్కటే మిగిలింది. ఒక ట్యూషన్ మానిపిస్తే దానికి సమయం కూడా దొరుకుతుంది.

ఇక ఎంపీసీ. గణితంలో ఆ చురుకుదనం ఉన్నవాడు నిస్సందేహంగా చదవగలడు. అర్హత ఉన్న దివ్యాంగ అభ్యర్థులకు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లోనూ మూడు గంటలకు ఒక గంట అదనంగా దొరుకుతుంది. కానీ తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లు నడిపే రెసిడెన్షియల్ కాలేజీలో మాత్రం చేర్చవద్దు. పాలిటెక్నిక్‌ను కూడా అతడితో కలిసి ఆలోచించండి. అందులో చేరడానికి రాసే పాలిసెట్ రెండు గంటల్లో 120 బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబులు గుర్తించే పరీక్ష, వ్యాసాలు రాయనక్కర్లేదు. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఏ దారన్నది తర్వాత తేల్చుకున్నా, పాలిసెట్ దరఖాస్తు మాత్రం వదలకండి. పదో తరగతి ఫలితాలు రాకముందే అది రాయవచ్చు.