మొక్కకు ముందు కాలువ

ప్రశ్న: మా ఊరి వెనక మడ అడవిలో పది హెక్టార్లు ఉప్పు పర్ర అయిపోయింది. ఒక కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద డబ్బిస్తామంటోంది. ఎన్ని మొక్కలు నాటుతారో రాసిమ్మన్నారు. ఏం రాయాలి?
– మత్స్యకార సంఘం సభ్యులు, తాళ్ళరేవు మండలం

జవాబు: మొక్కల లెక్కతో మొదలుపెట్టకండి. ఆ నేల ఎందుకు బోడిగా మిగిలిందో ముందు చూడండి. మడ నరికిన చోట మట్టి ఎండి కుంగుతుంది. ఆ పల్లంలోకి సముద్రపు పోటుకు ఎక్కిన నీరు పాటుకు, అంటే నీరు దిగే వేళకు, వెనక్కి పోదు. ఎండకు ఇగిరిపోయి ఉప్పు మిగులుస్తుంది. ఆ ఉప్పులో లక్ష మొక్కలు పెట్టినా చస్తాయి. నీరు రావడమూ పోవడమూ మొదలైతే తెల్ల మడ, నల్ల మడ గింజలు కొన్ని వాటంతటవే కొట్టుకొచ్చి మొలుస్తాయి.

అందుకే అంచనాలో మొదటి పద్దు కాలువలది. మన గోదావరి, కృష్ణా మడ అడవుల్లో పనిచేసింది చేపముల్లు పద్ధతి. ఉప్పుటేరు నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వుతారు. పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండాలి. గట్లు నిలువుగా కోస్తే విరిగిపడి కాలువే పూడిపోతుంది. పైన 3 మీటర్లు, అడుగున 1 మీటరు, లోతు 1 మీటరు అనుకుంటే మీటరు పొడవుకు 2 ఘనమీటర్ల మట్టి, అంటే 100 మీటర్లకు 200. బురదలో మనిషి ఎంత తవ్వగలడో ఊహించి రాయకండి. పదిమందితో ఒక పాటు వేళ పని చేయించి, కొలిచి, ఆ లెక్కతో కూలి వేయండి.

తవ్వకం వేసవిలో. వానలూ గోదావరి వరదలూ ఆ ఉప్పు కడిగాక, వరద తగ్గినప్పుడు నాట్లు. మొక్క పిల్లకాలువ వాలుకు సరిగ్గా మధ్యలో ఉండాలి, రెండు మీటర్లకు ఒకటి చొప్పున. అడుగున పెడితే మునిగి కుళ్ళుతుంది, గట్టు మీద పెడితే ఎండుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది దీని తర్వాతే. తవ్వడానికీ నాటడానికీ డబ్బిచ్చేవారు దొరుకుతారు. పూడిక తీయడానికి ఎవరూ ఇవ్వరు. ఒక వరదకే పిల్లకాలువల మూతులు ఒండ్రుతో మూసుకుంటాయి. వాటిని వదిలేస్తే రెండో వేసవికి మళ్ళీ ఉప్పే. కాబట్టి ఏటా పూడికతీత, గేదెలు లేత మడ చిగుళ్ళు మేయకుండా ఊరి కాపలాదారు జీతం, చచ్చిన చోట తిరిగి నాటడం, ఈ మూడూ మొదటి అంచనాలోనే రాయండి. మార్చి 31 లోగా ఖర్చు కావాలని కంపెనీ అంటే, దీన్ని ‘కొనసాగే ప్రాజెక్టు’గా ఆమోదించమనండి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద అలాంటి పనికి మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ళ గడువుంది. మిగిలిన సొమ్ము విడి బ్యాంకు ఖాతాలో ఉంచుతారు.

ఫలితం చూపడానికి రంగు గీతలు వేసిన కర్రలు పాతి, పాటుకు నీరు పూర్తిగా దిగుతోందో లేదో నెలకోసారి రాసుకోండి. ఒకే చోట నిలబడి తీసిన ఫొటోలు కూడా దాచండి.

ప్రశ్న: ఆ డబ్బు మా సంఘం ఖాతాలోకే తీసుకోవచ్చా?

జవాబు: సొసైటీగా నమోదు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు, మూడేళ్ళ పని అనుభవం, కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు ఉంటేనే. లేకపోతే అవన్నీ ఉన్న సంస్థను మధ్యలో పెట్టుకోండి. కూలి పంపిణీ, హాజరు పట్టీ మాత్రం ఊరి చేతిలోనే ఉండేలా ఒప్పందంలో రాయించండి. అది లేకుండా సంతకం పెట్టవద్దు.

నేల అటవీశాఖది. కోరింగ అభయారణ్యం హద్దులో అయితే వన్యప్రాణి విభాగం రాతపూర్వక అనుమతి లేనిదే పార వేయకూడదు. 2023లో మొదలైన కేంద్రం మడ అడవుల పథకం ‘మిష్టి’ ఉంది. అటవీశాఖ ఊళ్ళో వేసే పర్యావరణ అభివృద్ధి కమిటీ ద్వారా అడగండి. అయితే ఒకే కాలువకు రెండు చోట్ల బిల్లు పెట్టవద్దు. తవ్వకం ఒకరి ఖర్చు, పూడిక మరొకరి ఖర్చు అని విడదీయండి.

ప్రశ్న: కార్బన్ క్రెడిట్లు (చెట్లు పీల్చుకున్న కార్బన్‌కు లెక్కగట్టి అమ్ముకునే పత్రాలు) అమ్మి పెడతామని ఒకరు వచ్చారు. నమ్మవచ్చా?

జవాబు: పది హెక్టార్లకు తనిఖీల ఖర్చే రాబడిని మింగేస్తుంది. పైగా నేల మీది కానప్పుడు క్రెడిట్ ఎవరిదన్నది ముందు తేలాలి. అటవీశాఖ సంతకం లేని కాగితం మీద అడ్వాన్సు తీసుకోకండి, ఇవ్వకండి.