పల్లె క్లినిక్‌కి వచ్చే మెడికల్ విద్యార్థికి ఫ్యామిలీ డాక్టరు ఏం నేర్పాలి, ఎలా అంచనా వేయాలి?

కోనసీమ పల్లెలో క్లినిక్ నడిపే డాక్టరు, విద్యార్థిని పక్కన కూర్చోబెట్టి చూడమంటే సరిపోదు. పేషెంటు ఒప్పుకున్నాక కేసు విద్యార్థికే అప్పగించి, 15–20 నిమిషాలు మాట్లాడకుండా గమనించండి. అన్నిటికంటే కష్టం ఇదే. మధ్యలో మీరే ప్రశ్న అందిస్తే అతనికి తట్టేదో లేదో ఎప్పటికీ తెలియదు. ప్రమాదం కనిపిస్తే మాత్రం వెంటనే కలగజేసుకోండి.

ఊడ్పుల రోజుల్లో జ్వరంతో కూలీ వచ్చాడనుకోండి. బురదనీళ్లలో దిగారా, కాలికి పుండ్లున్నాయా, పిక్కలు నొప్పా అని విద్యార్థి అడిగాడా? కళ్ల ఎరుపు చూశాడా? ఇవి వదిలేస్తే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల సోకే జ్వరం) అనుమానమే రాదు. బీపీ చూసేముందు 5 నిమిషాలు కూర్చోబెట్టాడా? లావు చేతికి చిన్న కఫ్ చుడితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది.

అయ్యాక జవాబు మీరు చెప్పకండి. "ఏమనుకుంటున్నావ్? ఎందుకు?" అనడగండి. తర్వాత 5 నిమిషాలు ఫీడ్‌బ్యాక్, పేషెంటు ఎదుట కాదు. "బాగా చేశావ్" అంటే ఏమీ నేర్చుకోడు. "పిక్కల నొప్పి అడగలేదు" అని రాసివ్వండి.

ఒక్క కేసుతో మార్కులు వేయొద్దు. జ్వరం చక్కగా చూసిన విద్యార్థే షుగర్ పుండు దగ్గర తడబడొచ్చు. కనీసం ఐదారు వేర్వేరు కేసుల్లో చూడండి.