నేల మీద చుక్క లేదు, ఆయిల్ మాత్రం తగ్గుతోంది!

ప్రశ్న: మాది 90 వేల కిలోమీటర్లు తిరిగిన పెట్రోలు కారు. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఆయిల్ తగ్గినట్టే కనిపించదు. ఈ మధ్య హైవే మీద 600 కిలోమీటర్లు వెళ్లొచ్చి చూస్తే డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద కింది గీత దగ్గరికి దిగిపోయింది. బండి నిలిపే చోట ఒక్క చుక్క కూడా కారడం లేదు. ఆయిల్ లైటూ వెలగలేదు. మెకానిక్ మాత్రం పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయి, ఇంజను దించాల్సిందే అంటున్నారు. దించమంటారా?

జవాబు: వద్దు. ఇంకా ఏ పరీక్షా చేయకుండా ఇంజను దించడమంటే ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

ముందు ఆ లైటు సంగతి. ఆయిల్ డబ్బా బొమ్మతో వెలిగే ఎర్ర లైటు చెప్పేది పీడనం గురించి, మట్టం గురించి కాదు. అది వెలిగేసరికి పంపుకు ఆయిల్ సరిగా అందడం మానేసి ఉండవచ్చు. వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపేయడమే. వెలగలేదు కదా అని నిశ్చింతగా ఉండడానికి మాత్రం అది పనికిరాదు.

ఇక ఊళ్లో తగ్గని ఆయిల్ హైవే మీద ఎలా తగ్గింది? ఇంజను పూర్తిగా వేడెక్కకుండానే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాల్లో, కాలని పెట్రోలు కొంత రింగుల పక్క నుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గిన మేరకు పెట్రోలు చేరుతుంటే మట్టం కదలనట్టే కనిపిస్తుంది. హైవే మీద గంటల తరబడి కాగాక ఆ పెట్రోలు ఆవిరైపోతుంది, అసలు మట్టం బయటపడుతుంది. కాబట్టి ఆయిలంతా ఆ 600 కిలోమీటర్లలోనే ఖర్చయిందని అనుకోనక్కరలేదు. ఊళ్లో కొన్నాళ్లు తిరిగాక డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు గుప్పుమంటే విషయం అదే.

ఇప్పుడు లెక్క తేల్చండి. వేడెక్కిన ఇంజను ఆపి, చదునైన చోట పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూడండి. పావు లీటరు చొప్పున పోస్తూ పై గీత వరకు నింపండి, దాన్ని దాటించకండి. మరీ ఎక్కువైతే ఇంజను అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ తెస్తుంది. మీటరు అంకె రాసుకుని 1000 కిలోమీటర్ల తర్వాత అదే చోట, అదే పద్ధతిలో చూడండి. చాలా కార్లలో రెండు గీతల మధ్య దూరం సుమారు లీటరు. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా తగ్గినా మామూలే అనే తయారీదారులు ఉన్నారు. మీ కారు పుస్తకంలో ఏం రాశారో చూసుకోండి.

నేల మీద చుక్క లేనంత మాత్రాన లీకు లేనట్టు కాదు. కారిన ఆయిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి మాడిపోవచ్చు, ఇంజను కింది రేకులో నిలిచిపోవచ్చు. ఇంజను శుభ్రంగా కడిగించి, రెండు రోజులు తిప్పి, టార్చి వేసి చూడండి. తడి ఎంత కిందిదాకా పాకిందన్నది కాదు, ఎక్కడ మొదలైందన్నది ముఖ్యం. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ తడిసిందని దాని అతుకులో ఉండే గాస్కెట్ మార్చేస్తారు, కారేది ఇంజను పై మూత అయిన ట్యాపెట్ కవర్ నుంచి! ఆయిల్ ఫిల్టరు బిగించిన చోటు, పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ ప్లగ్ వాషరు, ఆ ఎర్ర లైటును వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ కూడా చూడాలి. స్విచ్ సాకెట్ ఊడదీస్తే లోపల ఆయిల్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఏ గాస్కెట్ మార్చే ముందైనా పీసీవీ వాల్వ్ చూడమనండి. క్రాంక్ కేసులో, అంటే ఇంజను కింది గదిలో చేరే వాయువులను తిరిగి ఇన్‌టేక్‌లోకి (సిలిండర్లకు గాలి వెళ్లే దారిలోకి) పంపేది ఇదే. ఇది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్ల నుంచి కూడా ఆయిల్ బయటికి తన్నుకొస్తుంది. తెరుచుకుని ఇరుక్కుపోతే ఆయిల్ ఆవిరి ఇన్‌టేక్‌లోకి పోయి కాలిపోతుంది. ఇంజను నిదానంగా నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పలుచని ప్లాస్టిక్ కాగితం పెట్టండి. చాలా ఇంజన్లలో అది కొద్దిగా లోపలికి గుంజుకోవాలి. బుస్సుమని పైకి లేస్తుంటే ఆ దారి మూసుకుపోయిందేమో చూడాలి. రింగుల పక్క నుంచి వాయువులు మితిమీరి దిగుతున్నా అలాగే లేస్తుంది కనుక, ముందు చవకైన వాల్వ్ మార్చి మళ్లీ చూడాలి.

అప్పుడూ తేలకపోతే పొగ చూడండి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్క గుక్క వదిలి ఆగిపోతే, వాల్వ్‌ల పక్క నుంచి ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. వాటిని చాలా ఇంజన్లలో దించకుండానే మార్చవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ పొగ వస్తుంటే రింగులు. అయితే సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కొంత పొగను దాచేస్తుంది కనుక కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కొలిపించండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే ఎక్కువగా వాల్వ్‌లు. కంప్రెషన్ బాగుండి ఆయిల్ మాత్రం తాగుతుంటే, సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపే ఆయిల్ రింగు అరిగిపోకుండా మసి పట్టి బిగుసుకుపోయి ఉండవచ్చు. అది కొన్నిసార్లు మసి కరిగించే మందుతో వదులవుతుంది. ఇవన్నీ చేయించి, ఆ అంకెలు కాగితం మీద రాసిచ్చాకే ఇంజను దించే మాట ఎత్తమనండి.

ప్రశ్న: మా డీజిలు కారులో ఆయిల్ తగ్గకపోగా పెరుగుతోంది. మంచిదేనా?

జవాబు: కాదు. పొగలోని మసిని పట్టే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న బండిలో, అది మసిని కాల్చుకునే పని మధ్యలోనే పదే పదే ఇంజను ఆపేస్తుంటే, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిలు ఆయిల్‌లోకి దిగుతుంది. పలుచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. పై గీత దాటితే ఆయిల్ మార్పించి, వారానికోసారైనా హైవే మీద అరగంట నడపండి. అలా కాక డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే, చేరింది రేడియేటర్ నీళ్లు. ఆ బండిని స్టార్ట్ చేయకుండా కట్టి లాగించుకుపోండి.