వెనక కమాన్ పట్టీలా, పొడవు షాకిలా?

ప్రశ్న: మా ఇసుజు వీ-క్రాస్ పికప్ వెనక టూల్‌బాక్సు, నీళ్ల డ్రమ్ము కలిపి 150 కిలోలు ఎప్పుడూ ఉంటాయి. గుట్టల దారిలో వెనక భాగం కూర్చుంటోంది. కమాన్ పట్టీల (బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీల) చివరను ఛాసిస్‌కి కలిపే షాకిల్ పొడవుది వేస్తే చాలంటున్నారు. నిజమేనా?

– ఓ పాఠకుడు, మదనపల్లె

జవాబు: చాలదండీ. షాకిల్ 2 అంగుళాలు పెంచితే బండి లేచేది సుమారు 1 అంగుళమే. పట్టీల బలం పెరగదు, బరువుకి మళ్లీ కూర్చుంటుంది. పైగా యాక్సిల్ కాస్త తిరిగి పినియన్ (ఇంజిన్ శక్తిని వెనక్కి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) ముక్కు పైకి లేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

మీకు కావాల్సింది 150 కిలోల స్థిర బరువుకి చేసిన పట్టీల కట్ట. ఎప్పుడో మోసే 500 కిలోలు చూసి కొనకండి. అంత గట్టి కట్ట రాళ్లమీద వంగదు, ఓ చక్రం గాల్లోనే ఉండిపోతుంది. పాత కట్టలోకి ఒక్క పట్టీ దూర్చడం చవకే గానీ, కుదుపు పెరుగుతుంది.

బిగింపులోనే ఎక్కువమంది పొరపడతారు. యూ బోల్టులు (కట్టని యాక్సిల్‌కి బిగించేవి) కొత్తవే వేయాలి, పాతవి సాగిపోయి ఉంటాయి. సెంటర్ బోల్ట్ (పట్టీలన్నిటినీ కలిపి పట్టేది) తల యాక్సిల్ గుంటలో సరిగ్గా కూర్చోవాలి. షాకిల్ బోల్టులు, ఐ (పట్టీ చివరి గుండ్రటి కన్ను) బోల్టులు బండి చక్రాలమీద నిలిచాకే ఆఖరి బిగింపు. జాకీమీద బిగిస్తే ఆ బోల్టుల చుట్టూ ఉండే బుష్ రబ్బరు మెలిపడి చిరుగుతుంది. 500 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో (బిగింపు కొలిచే రెంచితో) చూడండి.

ఎత్తు పెరిగాక వెనక బ్రేకు గొట్టం, షాక్ అబ్జార్బర్ పొడవు చాలుతున్నాయో లేదో చక్రం పూర్తిగా వేలాడదీసి చూడాలి.