తరాలు దాటి నిలిచిన కాంట్రాక్టు కుటుంబం: ట్రెంటన్ రోబ్లింగ్‌లు

మీ నాన్నగారు రోడ్లు, కల్వర్టుల పనులు చేస్తారని, మీరూ మీ తమ్ముడూ అందులోకే దిగాలనుకుంటున్నారని రాశారు. పెద్దాయన పక్కకి తప్పుకున్న కొన్నేళ్ళకే మూతపడిన కాంట్రాక్టు ఇళ్ళే చుట్టూ కనిపిస్తున్నాయి, తరాలు దాటి నిలిచినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఎలా నిలిచారు అని మీ ప్రశ్న.

నేను న్యూజెర్సీలో వంతెనల తనిఖీ పని చేస్తాను, ఉండేది ట్రెంటన్‌కి దగ్గర్లో. ఇక్కడ వంతెనల పనిలో ఉన్నవాళ్ళకి రోబ్లింగ్ అనే జర్మన్ కుటుంబం పేరు తగలకుండా ఉండదు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ బ్రిడ్జి కట్టింది వాళ్ళే. అయితే వాళ్ళని వంతెనలవాళ్ళుగానే చూస్తే మీ ప్రశ్నకి జవాబు దొరకదు. ఆ ఇల్లు గడిచింది ఇనుప తీగ తాడు మీద.

జాన్ రోబ్లింగ్ 1806లో జర్మనీలోని మ్యూల్‌హౌజెన్‌లో పుట్టాడు. తండ్రిది పొగాకు దుకాణం. జాన్ బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదివి, 1831లో సోదరుడు కార్ల్‌తోనూ మరికొందరితోనూ కలిసి అమెరికా వెళ్ళి, పిట్స్‌బర్గ్‌కి ఉత్తరాన భూములు కొని సాక్సన్‌బర్గ్ అనే ఊరు వేశాడు. వ్యవసాయం అతనికి అచ్చిరాలేదు. 1837లో కార్ల్ పొలంలో వడదెబ్బకి చనిపోయాడు. ఆ ఏడే జాన్ మళ్ళీ ఇంజనీరింగ్ పనిలో చేరాడు.

అప్పట్లో పెన్సిల్వేనియాలో కాలువ పడవల్ని బళ్ళ మీదకి ఎక్కించి, పట్టాల మీదుగా కొండ దాటించేవారు. లాగేది లావుపాటి జనపనార తాళ్ళతో. అవి త్వరగా అరిగిపోయేవి, తెగితే మనుషుల ప్రాణాల మీదకి వచ్చేది. దానికి బదులు ఇనుప తీగలు పేనితే సరిపోతుందని జాన్ 1841లో తన ఇంటి దగ్గరి మైదానంలో తాడు పేనడం మొదలుపెట్టాడు. ఆర్డరు వస్తే ఊళ్ళో రైతులకి కబురు వెళ్ళేది. వాళ్ళొచ్చి చేత్తో మెలి తిప్పుతూ తాడు పేనేవారు, భోజనాలు జాన్ ఇంట్లోనే. 1849 నాటికి ఆ పని మొత్తాన్ని ట్రెంటన్‌కి మార్చాడు. ఇక్కడ కాలువ ఉంది, రైలుంది, ఇనుము దొరుకుతుంది.

ఒక కాంట్రాక్టుకీ ఇంకో కాంట్రాక్టుకీ మధ్య ఎన్నాళ్ళు ఖాళీగా కూర్చోవాలో మీ ఇంట్లో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తాడుకి ఆ బాధ లేదు. గనులకి కావాలి, ఓడలకి కావాలి, తర్వాత లిఫ్టులకి, శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కార్లకి కావాల్సొచ్చింది. అరిగితే మళ్ళీ కొనాలి. జాన్ కట్టిన ప్రతి వంతెనా ఆ తాడు సత్తా ఏమిటో ఊరందరికీ చూపించింది. 1855లో నయాగరా లోయ మీద తీగల వంతెన మీంచి రైలు నడిపించాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

అతని తొలినాటి పని ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. డెలావేర్ నది మీద, లాకవాక్సెన్ దగ్గర, కాలువని నది దాటించడానికి 1848లో కట్టిన వంతెన. నీళ్ళతో నిండిన తొట్టినీ, అందులో తేలే పడవల్నీ తీగల మీద వేలాడదీశాడు. ఇప్పుడు దాని మీద కార్లు వెళ్తున్నాయి, కేబుళ్ళు చాలావరకు ఆనాటివే. నేను వెళ్ళినప్పుడు కేబుల్ రాతి స్తంభం మీద వంగి కిందకి దిగేచోట చాలాసేపు నిలబడి చూశాను. లోపలి తీగల చుట్టూ సన్నటి తీగని సందు లేకుండా చుట్టేశారు, నీళ్ళు లోపలికి దిగకుండా. పెద్ద వేలాడే వంతెనల కేబుళ్ళకి ఇవాళ్టికీ అదే పద్ధతిలో తీగ చుడుతున్నారు.

ఇంట్లో మాత్రం జాన్ కఠినుడు. పెళ్ళాం పిల్లల మీద చెయ్యి చేసుకునేవాడని పెద్దకొడుకు వాషింగ్టన్ తర్వాత స్వయంగా రాసిపెట్టాడు. చావు కూడా ఆ మొండితనంతోనే వచ్చింది. 1869లో బ్రూక్లిన్ బ్రిడ్జికి స్థలం కొలుస్తుండగా ఫెర్రీ పడవ రేవుకి గుద్దుకుని కాలు నలిగింది. డాక్టర్ల మాట వినకుండా పుండు మీద చన్నీళ్ళు పోయించుకుంటూ కూర్చున్నాడు. ధనుర్వాతం వచ్చి పోయాడు.

పని 32 ఏళ్ళ వాషింగ్టన్ మీద పడింది. నదీగర్భంలో పునాది తవ్వడానికి బోర్లించిన పెద్ద చెక్క గదుల్లో, గాలి ఒత్తిడి మధ్య పనివాళ్ళతోపాటు దిగి దిగి 1872లో అతను మంచాన పడ్డాడు. అక్కణ్ణించి భార్య ఎమిలీ అతని మాట సైటుకీ, సైటు మాట అతనికీ చేరవేసింది. గణితం, పదార్థాల బలం, కేబుల్ లెక్కలు నేర్చుకుని ఇంజనీర్లతో తనే మాట్లాడింది. మూడు తరాల చరిత్రలో నాకు అందరికంటే గొప్పగా కనిపించేది ఈవిడే. 1883 మే 24న వంతెన తెరిచారు. ఎమిలీ లేకపోతే రోబ్లింగ్‌ల చేతుల మీదుగా అది పూర్తయ్యేది కాదని నా గట్టి నమ్మకం.

మీరు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఆ వంతెన తీగ వ్యవహారం. తీగ టెండర్లు పిలిచే సమయానికి, చీఫ్ ఇంజనీరు కుటుంబమే తీగ అమ్మడమేమిటని వంతెన పని పర్యవేక్షించే ట్రస్టీల్లో అభ్యంతరం వచ్చింది. వాషింగ్టన్ కుటుంబ కంపెనీలో తన వాటాలు అమ్మేసుకున్నాడు. అయినా కాంట్రాక్టు జె. లాయిడ్ హేగ్ అనే అతనికి వెళ్ళింది. హేగ్ మంచి తీగ చుట్టల్ని ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరుకి చూపించి పాస్ చేయించేవాడు. దారిలో బండిని మరో కొట్లోకి తిప్పి, పనికిరాదని తిప్పిపంపిన చుట్టల్ని ఎక్కించేవాడు. మంచి చుట్టలు మళ్ళీ వెనక్కి, మళ్ళీ పరీక్షకి. 1878లో సంగతి బయటపడేసరికి ఆ నాసిరకం తీగ కేబుళ్ళలోకి చేరిపోయింది, తీయడానికి లేదు. మోయాల్సిన బరువుకి ఆరు రెట్లు మోసేలా లెక్కవేసి పెట్టుకున్నారు కాబట్టి, ఈ మోసం తర్వాత కూడా సుమారు ఐదు రెట్లు మిగిలింది. ఒక్కో కేబుల్‌కి 150 తీగలు అదనంగా, హేగ్ ఖర్చుతోనే వేయించారు.

నా రోజువారీ పనిలో ఇది గుర్తురాని రోజు లేదు. స్టీలు సైటులో దిగగానే దాని మీద వేసిన హీట్ నంబరునీ (ఒక విడతలో కరిగించిన ఉక్కుకి మిల్లు ఇచ్చే నంబరు), మిల్లు సర్టిఫికెట్‌లోని నంబరునీ పక్కపక్కన పెట్టి చూస్తాం. మిల్లులో పరీక్షించిన స్టీలే సైటుకి వచ్చిందని నమ్మకం కుదరాలంటే అంతకన్నా దారి లేదు.

మళ్ళీ కుటుంబం సంగతికి వద్దాం. జాన్ బతికుండగా అన్నీ తన చేతుల్లోనే పెట్టుకున్నా, తను వంతెనల మీద ఉన్నప్పుడు ట్రెంటన్ కార్ఖానాని చార్లెస్ స్వాన్ అనే బయటి మనిషికి అప్పజెప్పాడు. ఉత్తరాల మీదే అజమాయిషీ. ఆయన తర్వాత అన్నదమ్ములు పని పంచుకున్నారు. వాషింగ్టన్ వంతెన చూస్తే, ఫెర్డినాండ్ డబ్బూ అమ్మకాలూ చూశాడు, చార్లెస్ మిల్లులు నడిపాడు. 1876లో పెట్టిన కంపెనీ పేరే 'జాన్ ఎ. రోబ్లింగ్స్ సన్స్'. ముగ్గురిలో పేరు వాషింగ్టన్‌కి వచ్చింది గానీ వ్యాపారాన్ని అంత పెద్దది చేసింది మిగతా ఇద్దరూ. 1905 నుంచి డెలావేర్ ఒడ్డున సొంత ఉక్కు మిల్లు, దాని పక్కనే పనివాళ్ళకి వరసగా ఇటుక ఇళ్ళు కట్టించాడు చార్లెస్. ఆ ఊరి పేరు కూడా రోబ్లింగే. ట్రెంటన్ నుంచి రివర్ లైన్ రైలెక్కితే స్టేషనుంది, పాత మిల్లు గేటు భవనంలో మ్యూజియం ఉంది.

దెబ్బలు మూడో తరంలో తగిలాయి. చార్లెస్ కొడుకు, కార్ల పందేలంటే ప్రాణమిచ్చే కుర్రాడు, 1912లో టైటానిక్‌తో మునిగిపోయాడు. ఫెర్డినాండ్ 1917లో, చార్లెస్ 1918లో పోయారు. పగ్గాలు పట్టిన ఫెర్డినాండ్ కొడుకు కార్ల్ కూడా 1921లో పోయాడు. అప్పుడు 84 ఏళ్ళ వాషింగ్టన్, యాభై ఏళ్ళ కిందట ఇక బతకడనుకున్న మనిషి, ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుని, ట్రాలీ (వీధుల్లో పట్టాల మీద నడిచే బండి) ఎక్కి ఆఫీసుకి వెళ్ళివస్తూ, 1926లో చనిపోయేదాకా కంపెనీ నడిపాడు.

తర్వాత కూడా పెద్ద పనులొచ్చాయి. 1931లో జార్జి వాషింగ్టన్ బ్రిడ్జి కేబుళ్ళు, 1937లో గోల్డెన్ గేట్ కేబుళ్ళు వాళ్ళవే. గోల్డెన్ గేట్‌లో ఒక్కో కేబుల్‌కి 27,572 తీగలు. కానీ అప్పటికి పెద్ద ఉక్కు కంపెనీలు అదే తీగ తీసి పోటీకి దిగాయి. ఇంట్లోవాళ్ళ దారులూ వేరయ్యాయి. వాషింగ్టన్ ఒక్కగానొక్క కొడుకు వ్యాపారం జోలికి పెద్దగా రాలేదు. మనవడు డొనాల్డ్ ఫ్లోరిడాలో స్థిరపడి, నేల మీదా నీళ్ళలోనూ నడిచే బండి తయారుచేశాడు; రెండో ప్రపంచయుద్ధంలో దాన్నే సైన్యం వాడుకుంది. తెలివి నాలుగో తరంలోనూ ఉంది, కంపెనీ కోసం కూర్చునే మనిషే లేడు. 1950ల మొదట్లో కంపెనీని కొలరాడో ఫ్యూయెల్ అండ్ ఐరన్ అనే ఉక్కు కంపెనీకి అమ్మేశారు. రోబ్లింగ్ ఊళ్ళో మిల్లు 1974లో మూతపడింది.

అంటే అమ్మేదాకా లెక్కేసినా నూరేళ్ళ పైమాటే. నాకు అర్థమైనంతలో వాళ్ళని నిలబెట్టినవి రెండు: టెండరు వచ్చినా రాకపోయినా అమ్ముడుపోయే సరుకు, ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకుండా పంచుకోవడం. మీ తమ్ముడికి సైటు కన్నా లెక్కల మీదే మనసుందని రాశారు కదండీ, దాన్ని లోటుగా చూడకండి, ఆ ఇంట్లో ఫెర్డినాండ్ చేసిందీ అదే. ముందు నాన్నగారితో కూర్చుని పాత ఖాతాలు తీయించండి. బిల్లులు ఆగిపోయిన ఏడాదుల్లో ఇల్లు దేని మీద గడిచిందో చూడండి: సెంట్రింగ్ సామాను అద్దా, క్రషర్లో వాటానా, జేసీబీ కిరాయా. పెట్టుబడి మొదట దాంట్లో పెట్టమనే నేను చెబుతాను, కొత్త టెండర్లు ఆ తర్వాత.