గోడకి గుండు ఎటునుంచి తగిలింది? – మినియేచర్ యుద్ధాల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, నేను మలక్‌పేటల ఉంట. మేం నలుగురం దోస్తులం ప్రతి ఆదివారం 28 ఎంఎం ఎత్తు సిపాయి బొమ్మలతోని 1857 యుద్ధాలు ఆడుతం. ఈసారి లక్నోల బ్రిటిష్ అధికారులు ఉండే రెసిడెన్సీ శిథిలాన్ని టేబుల్ మీదికి కట్టిన. సన్‌బోర్డు కోసి, గోడలకు బొక్కలు పెట్టి, మొత్తం ఇటుకలు గీసి, బొక్కల చుట్టూ నల్లరంగు కొట్టి, నెట్ల దొరికిన ఫొటోలు చూసి గడ్డి కూడా అతికించిన. రెండు వారాలు పట్టింది. కానీ యుద్ధంల దెబ్బతిన్న బిల్డింగు లెక్క కొడ్తలేదు, అట్టపెట్టె లెక్కనే ఉంది. ఫొటోలు పంపిస్తున్న, ఎక్కడ తప్పు చేసిన్నో చెప్పు.

జవాబు: ఫొటోలు మూడుసార్లు చూశాను తమ్ముడూ. నీ చెయ్యి బాగుంది, కిటికీల ఆర్చీలు అంత నున్నగా తియ్యడం నాకు రెండేళ్ళకి గానీ రాలేదు. తేడా కొట్టింది మొదలుపెట్టిన చోట. నువ్వు బిల్డింగు మొత్తం కట్టేసి ఆ తర్వాత బొక్కలు పెట్టావు, అది కూడా నాలుగు గోడలకీ సమానంగా, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు. నిజం దెబ్బలు అలా పడవు కదా. ప్రతి దెబ్బకీ ఒక దిక్కు ఉంటుంది, ఆ దిక్కున ఒక ఫిరంగి ఉంటుంది, దాని వెనకాల గురి చూసే మనిషి ఉంటాడు. అందుకే కత్తి పట్టుకోకముందే కాగితం మీద ప్లాన్ గీసి, ఫిరంగులు ఎక్కడున్నాయో పెట్టుకుని, అక్కణ్నుంచి గోడకి స్కేలుతో గీతలు లాగు. గీత తగిలిన గోడే దెబ్బతింటుంది, దాని చాటున ఉన్న గోడకి సున్నం కూడా రాలకపోవచ్చు.

లక్నోలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకో. 1857 జూన్ 30న చిన్‌హట్ దగ్గర అక్కడి బ్రిటిష్ చీఫ్ కమిషనర్ హెన్రీ లారెన్స్ ఓడిపోయి వెనక్కి వచ్చాడు, సిపాయిలు రెసిడెన్సీని చుట్టుముట్టేశారు. జులై 2న ఒక గుండు లారెన్స్ గదిలోనే పేలింది, 4న చనిపోయాడు. సెప్టెంబర్ 25న బ్రిటిష్ జనరల్స్ హేవ్‌లాక్, ఔట్రమ్ లోపలికి చేరేదాకా 87 రోజులు, వాళ్ళు కూడా లోపలే ఇరుక్కుపోయి నవంబర్లో బ్రిటిష్ సైన్యాధిపతి కాంప్‌బెల్ వచ్చేదాకా ఇంకో రెండు నెలలు. ఇన్నాళ్ళూ ఒకపక్క ఫిరంగులు, ఇంకోపక్క చుట్టుపక్కల ఇళ్ళ మీద నుంచి తుపాకులు, ఇవి చాలక నేల కింద సొరంగాలు తవ్వి మందు పేల్చడం. అంటే దెబ్బలు మూడు రకాలు, మూడింటి మచ్చలూ వేరు వేరు.

ఇప్పుడు లెక్క చూడు. 28 ఎంఎం బొమ్మలకి దాదాపు 56వ వంతు స్కేలు. 18 పౌండ్ల ఫిరంగి గుండు అడ్డం 5 అంగుళాలు, అంటే నీ టేబుల్ మీద 2 మిల్లీమీటర్ల పైన కొంచెం, ఆవగింజ కంటే కాస్త పెద్దది అంతే. నీ గోడలో నా బొటనవేలు పట్టే బొక్కలున్నాయి, అవి 20వ శతాబ్దపు భారీ ఫిరంగుల దెబ్బలు, 1857వి కావు. గుండు తగిలిన చోట చిన్న గుంట, చుట్టూ శనగగింజంత మేర సున్నం ఊడిపోయి ఇటుక కనపడాలి. అదే చోట పదే పదే కొడితే కిటికీ మూల విరుగుతుంది, పిట్టగోడ కూలుతుంది. తుపాకీ తూటా అయితే సూది మొన గుచ్చినంతే, కానీ వందల్లో గుచ్చాలి, అవి కూడా కిటికీల చుట్టూ, తుపాకీ పెట్టే కంతల చుట్టూనే గుంపుగా ఉండాలి, ఎందుకంటే గురి అక్కడే కదా. మందుపాతర పేలిన చోట మాత్రం గోడ పునాదితో సహా లేచి రెండువైపులా కుప్పగా పడుతుంది, అలాంటిది మొత్తం మోడల్‌లో ఒక్క మూలన పెట్టు చాలు.

అట్టపెట్టెలా కనిపించడానికి అసలు కారణం 5 ఎంఎం సన్‌బోర్డు. ఆ కాలం గోడలు రెండు మూడు అడుగుల మందం, స్కేలులో 11 నుంచి 16 మిల్లీమీటర్లు. విరిగిన అంచు దగ్గర ఆ మందం కనపడితేనే కన్ను నమ్ముతుంది. డాబాల మీద వేడి దిగకుండా వేసే ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీటు తీసుకో, థర్మాకోల్ వద్దు, కోస్తే పూసలు రాలతాయి.

ఇటుక సంగతి నేను ఎక్కువ చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన పని. రెసిడెన్సీ కట్టింది లఖౌరీ ఇటుకతో, సన్నగా పలకలా ఉంటుంది, మందం ఒక అంగుళం అటూ ఇటూ. స్కేలులో అర మిల్లీమీటరు కూడా రాదు, ఎవరి చేతా గీయించలేం. కాబట్టి ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక మిల్లీమీటరు ఎడంలో అడ్డగీతలు లాగు, నిలువు గీతలు అక్కడక్కడ చాలు. అది కూడా గోడంతా వద్దు, నువ్వు ప్లాన్‌లో దెబ్బ పెట్టుకున్న చోటే. ఆ తర్వాత గోడ మొత్తానికి వాల్ పుట్టీ పలచగా పూసెయ్, గీసిన ఇటుకలు కూడా మునిగిపోవాలి. ఇక్కడ టైము ముఖ్యం. వేలు ఆనిస్తే అంటుకోకూడదు కానీ ఇంకా చల్లగా తగలాలి, ఆ టైములో పెన్ను మొన గుచ్చి కొంచెం పక్కకి లేపితే పుట్టీ పెచ్చులా ఊడి కింద ఇటుక వరుస బయటపడుతుంది. పూర్తిగా ఆరిపోతే పొడి రాలుతుంది తప్ప పెచ్చు రాదు. రంగులకి ఎక్కడో వెతకొద్దు, పాతబస్తీలో పాత దేవిడీల గోడలు చూడు, డంగు సున్నం ఊడిన చోట లోపలి ఎరుపు, అంచున పాలమీగడ రంగు, దాని మీద వాన చారలు, అన్నీ కనిపిస్తాయి.

ఆ నల్లరంగు మాత్రం తీసెయ్. ఫిరంగి గుండు ఎక్కువగా ఇనుప ముద్ద, మసి అంటించదు. లోపల మంట రేగిన గది ఉంటే దాని కిటికీ పైన పొగ నాలుకలా పైకి పాకినట్టు వేస్తే సరిపోతుంది.

గడ్డి సంగతి. నువ్వు చూసిన ఫొటోలు ఇప్పటివి. అక్కడ ఇప్పుడు పురావస్తు శాఖవాళ్ళు పచ్చిక పెంచుతున్నారు, రాళ్ళ కుప్పలు ఎప్పుడో ఎత్తేశారు. నువ్వు ఆడేది 1857, అప్పుడు గోడలోంచి ఊడిందంతా గోడ కిందే పడి ఉంది. అందుకే గోడ కోసినప్పుడు వచ్చిన ముక్కలు ఒక్కటి కూడా పారెయ్యకు, చిదిమి ఆ గోడ కిందే పోసెయ్. పైన పోయిన దానికీ కింద పడిన దానికీ లెక్క కుదరాలి. ఈ పొరపాటు మన హైదరాబాద్‌లో చాలామంది చేస్తారు, ఎందుకంటే శిథిలం అనగానే మనకి తెలిసింది గోల్కొండ. 1687లో ఔరంగజేబు 8 నెలలు ముట్టడించినా చివరికి కోట పోయింది లోపలివాళ్ళు తలుపు తియ్యడం వల్ల. ఇవాళ అక్కడ కూలి కనిపించేదాంట్లో చాలావరకు వాన, ఎండ, చెట్ల వేళ్ళు చేసిన పని. అలా కూలిన గోడ పైఅంచు అరిగి గుండ్రంగా ఉంటుంది, ఫిరంగికి అప్పుడే కూలిన గోడ అంచు రంపం పళ్ళలా ఉంటుంది.

మొత్తం రెసిడెన్సీ కడదామనుకోకు, టేబుల్ చాలదు. లోపలికి వెళ్ళే బెయిలీ గార్డ్ గేటు, పక్కన కొంచెం గోడ చాలు. మేడ మీద నేల కనీసం 3 సెంటీమీటర్లు మిగల్చు, బొమ్మ నిలబడాలి కదా.

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి రాస్తున్నానండీ. ఫోమ్‌తో చేసిన గోడకి స్ప్రే కొట్టగానే కరిగి గుంటలు పడింది. కింద ఎండీఎఫ్ చెక్క కూడా వారం తిరక్కుండా వంగిపోయింది. మళ్ళీ చెయ్యాలంటే భయంగా ఉంది.

జవాబు: భయపడకండి మేడమ్, రెండిటికీ మందు ఒకటే. స్ప్రే డబ్బాలో ఉండే సాల్వెంట్ ఫోమ్‌ని తినేస్తుంది. ముందు ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు, నల్ల యాక్రిలిక్ కలిపి బ్రష్షుతో రెండు కోట్లు వెయ్యండి, ఇటుకల సందుల్లోకి కూడా వెళ్ళాలి, కనీసం ఒక రాత్రి ఆరనివ్వండి. తర్వాత కూడా స్ప్రే కంటే బ్రష్షే నయం. చెక్కకి పైన మాత్రమే తడి పూస్తే ఆరేటప్పుడు ఒకవైపే లాగుతుంది, అందుకే అడుగున కూడా అదే కోటు వేసి, పైవైపు ఆరాక బోర్లించి పుస్తకాల బరువు పెట్టండి. జులై ముసురులో అయితే ఆరడానికి రెట్టింపు టైము ఇవ్వండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, బర్కత్‌పురా. మా మనవడు మన కోఠి రెసిడెన్సీని 1857లో కూలినట్టుగా, ముందున్న స్తంభాలు విరిగినట్టుగా చేస్తానంటున్నాడు. మన ఊరి చరిత్ర కదా అని నాకూ సంతోషమే, కానీ అలా జరిగిందా?

జవాబు: మాస్టారూ, మీ మనవడు కోఠిని ఎంచుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ స్తంభాలు విరగొట్టొద్దని చెప్పండి, అవి అప్పుడు విరగలేదు, బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ భవనం ఇవాళ్టికీ మహిళా యూనివర్సిటీలో నిలబడే ఉంది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వందల మంది రోహిల్లా పఠాన్లతో వచ్చి, రెసిడెన్సీ గోడకి ఎదురుగా ఉన్న రెండు ఇళ్ళలోకి చేరి కాల్పులు మొదలుపెట్టారు, తోట గేటు పగలగొట్టారు. లోపల్నుంచి ఫిరంగులతో జవాబొచ్చింది, తెల్లవారుజాము దాకా సాగింది. మౌల్వీని అండమాన్ పంపారు, తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత తూప్రాన్ దగ్గర చంపేశారు. కోఠిలో ఆయన పేరుతో రోడ్డే ఉంది, మనవణ్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్ళండి.

అంటే దెబ్బతిన్నది ఆ ఇళ్ళు, ఆ గోడ, ఆ గేటు. వాటినే కట్టించండి. భవనం టేబుల్ అంచున వెనకాల పలచటి అట్ట మీద బొమ్మగా ఉన్నా చాలు. ఇళ్ళకి రెసిడెన్సీ వైపు గోడ మీద మాత్రమే మచ్చలు, వెనక గోడ శుభ్రంగా ఉండాలి, పైకప్పులు ఊడొచ్చేలా చేస్తే లోపల బొమ్మలు పెట్టుకోవచ్చు. తోట గేటు మాత్రం రెండు చెయ్యమనండి, ఆట మొదట్లో పెట్టడానికి మూసినట్టు ఒకటి, తర్వాత మార్చడానికి విరిగి పడినట్టు ఒకటి.